కారణాల జాబితాలో లేని కారణం

అమెరికా స్వాతంత్ర్య యుద్ధానికి కారణాలేమిటని డిగ్రీలో చరిత్ర చదివినవాళ్లనెవరినైనా అడగండి. స్టాంపు చట్టం, టీ చట్టం, ప్రాతినిధ్యం లేని పన్నులు, జాన్ లాక్ రాజకీయ సిద్ధాంతం - వేళ్ల మీద లెక్కపెట్టి చెప్తారు. అంతర్యుద్ధానికి కారణాలేమిటని అడిగితే రాష్ట్రాల హక్కులు, సుంకాల తగాదా, పారిశ్రామిక ఉత్తరాదికీ వ్యవసాయ దక్షిణాదికీ మధ్య వైరుధ్యం అని మొదలుపెట్టి, చివర్న నాలుగో పాయింటుగా ‘బానిస సమస్య’ అంటారు. ఈ రెండు జాబితాల్లో ఎక్కడా ఒక్క స్త్రీ కనిపించదు. కనిపించకపోవడం పొరపాటు కాదు. స్త్రీ కనిపిస్తే ఆ జాబితాలే మారిపోతాయి కాబట్టి కనిపించదు.

ఎక్కడో సముద్రాల అవతల, ఎప్పుడో జరిగిపోయిన యుద్ధాల గురించి మనకెందుకని అనుకోవచ్చు. కానీ హక్కుల గురించి మనం నడిపే శిక్షణా తరగతుల్లో మొదటి చార్టు మీద ఏం రాస్తున్నామో ఒకసారి గుర్తు చేసుకుందాం. 1776 అమెరికా ప్రకటన, 1789 ఫ్రెంచి ప్రకటన, 1948 ఐక్యరాజ్యసమితి ప్రకటన. మెట్టు మీద మెట్టు ఎక్కుతూ హక్కులు మన దాకా వచ్చాయని చెప్తున్నాం. మొదట కొందరికి దక్కాయి, తర్వాత మిగిలినవాళ్లకు విస్తరించాయి అన్నది ఆ చార్టు చెప్పే కథ. ఆ ‘కొందరి’ హక్కులు మిగిలినవాళ్ల హక్కుల్లేనితనం మీద కట్టుకున్నవన్న సంగతి ఆ కథలో ఉండదు. అందుకే ఈ రెండు యుద్ధాల కారణాలను మళ్లీ తిరగేయడం మనకు అవసరం.

పన్నుల కథ, పన్నుల వెనక కథ

ముందు ఒప్పుకోవలసింది ఒప్పుకుందాం. పన్నుల తగాదా కల్పితం కాదు. 1763లో ఫ్రాన్సుతో ఏడేళ్ల యుద్ధం ముగిసేసరికి బ్రిటన్ అప్పుల్లో మునిగి ఉంది. ఆ భారంలో కొంత వలసల మీదకు నెట్టాలనుకుంది. 1764లో చక్కెర చట్టం, 1765లో స్టాంపు చట్టం, 1767లో టౌన్‌షెండ్ సుంకాలు వచ్చాయి. తమ ప్రతినిధి ఒక్కడు కూడా లేని పార్లమెంటు తమ మీద పన్ను వేయడమేమిటని వలసవాసులు తిరగబడ్డారు. అది న్యాయమైన ప్రశ్నే.

1773 టీ చట్టం సంగతి మనకు మరీ దగ్గరిది. అది పన్ను పెంచిన చట్టం కాదు. దివాలా అంచున ఉన్న ఈస్టిండియా కంపెనీని గట్టెక్కించడానికి, లండన్ గోదాముల్లో అమ్ముడుపోక పడివున్న టీని కంపెనీయే నేరుగా అమెరికాలో చవగ్గా అమ్ముకునే ఏర్పాటు అది. అదే కంపెనీ 1765లో బెంగాల్ దివానీని, 1765-66లో మన ఉత్తర సర్కారులను చేజిక్కించుకుంది. దాని పాలనలో 1770లో బెంగాల్ కరువుతో అల్లాడింది. ఆ సంగతి అమెరికన్లకు తెలుసు. బెంగాల్‌లో జనాన్ని ఆకలికి వదిలేసిన కంపెనీ రేపు మన గుమ్మంలోకి వస్తుందని పెన్సిల్వేనియాకు చెందిన జాన్ డికిన్సన్ 1773లోనే హెచ్చరించాడు. ఆ ఏడాది డిసెంబరు 16న బోస్టన్ రేవులో సముద్రం పాలైన 342 పెట్టెల టీ ఆ కంపెనీదే.

ఆ బహిష్కారాన్ని నిలబెట్టిందెవరు? విదేశీ వస్త్రం కొనకూడదని మగవాళ్లు సభల్లో తీర్మానిస్తే, ఆ లోటు తీర్చడానికి రాట్నాలు తిప్పింది ఆడవాళ్లు. టీ తాగకూడదని తీర్మానిస్తే వంటింట్లో దాన్ని అమలు చేసింది ఆడవాళ్లు. 1774 అక్టోబరులో నార్త్ కరోలినాలోని ఈడెన్‌టన్‌లో 51 మంది స్త్రీలు తమ పేర్లతో బహిష్కార ప్రతిజ్ఞ మీద సంతకాలు చేశారు. లండన్‌లో దాని మీద వెటకారపు బొమ్మ అచ్చువేసి నవ్వుకున్నారు. స్త్రీలు చేసిన రాజకీయం శత్రువుకు నవ్వులాట అయింది, మిత్రుడికి ఇంటిపని అయింది. రెండు వైపులా దాన్ని రాజకీయంగా గుర్తించినవాళ్లు అరుదు.

పన్నుల వెనక మరో రెండు తగాదాలున్నాయి. ఒకటి భూమి. 1763లో బ్రిటిష్ రాజు అపలేచియన్ కొండలకు పడమట వలసవాసులు స్థిరపడకూడదని ప్రకటించాడు. మూలవాసుల మీద ప్రేమతో కాదు, మళ్లీ యుద్ధం వస్తే ఖర్చు భరించలేక. కానీ ఆ భూముల మీద కన్నేసిన వర్జీనియా పెద్దలకు అది మింగుడుపడలేదు. అందులో జార్జి వాషింగ్టన్ ఒకడు. యుద్ధం మధ్యలో, 1779లో, ఇరొక్వా ప్రజల మీదకు ఆయన పంపిన సైన్యం నలభైకి పైగా గ్రామాలను తగలబెట్టింది, మొక్కజొన్న చేలను, పళ్లతోటలను నరికేసింది. ఇరొక్వా సమాజంలో చేలు, పంటలు స్త్రీల అధీనంలో ఉండేవి. నాయకులను ఎన్నుకోవడంలోనూ, తొలగించడంలోనూ వంశపెద్దలైన స్త్రీలకు మాట ఉండేది. స్వేచ్ఛ పేరుతో బయలుదేరిన సైన్యం తగలబెట్టింది ఆ స్త్రీల ఆస్తిని, ఆ స్త్రీల అధికారాన్ని.

రెండోది బానిసలు. 1775 నవంబరులో వర్జీనియా గవర్నరు లార్డ్ డన్‌మోర్, తిరుగుబాటుదారుల బానిసల్లో ఆయుధం పట్టగలిగినవాళ్లు పారిపోయి వచ్చి బ్రిటిష్ సైన్యంలో చేరితే స్వేచ్ఛ ఇస్తానని ప్రకటించాడు. అప్పటిదాకా ఊగిసలాడిన తోటల యజమానులు చాలామంది ఆ దెబ్బతో తిరుగుబాటు వైపు మొగ్గారు. రాజు మామీద ఇంట్లోనే తిరుగుబాట్లు రెచ్చగొడుతున్నాడని 1776 ప్రకటనలో ఫిర్యాదు కూడా చేశారు. బానిస వ్యాపారాన్ని తప్పుపడుతూ జెఫర్సన్ రాసిన పేరాను మాత్రం అదే ప్రకటనలోంచి కొట్టేశారు.

బానిసత్వాన్ని కాపాడుకోవడం కోసమే అమెరికా విప్లవం జరిగిందా? 2019లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ప్రచురించిన ‘1619 ప్రాజెక్టు’ ఇంచుమించు ఆ మాటే అంది. చరిత్రకారులు అభ్యంతరం చెప్పాక 2020లో ‘కొందరు వలసవాసులకు’ అని సవరించుకుంది. ఆ సవరణ సరైనదే. మసాచుసెట్స్ రైతు బానిసల కోసం తుపాకీ పట్టలేదు. మన పక్షానికి అనుకూలంగా ఉంది కదా అని లేని కారణాన్ని ఉన్నదనడం మనకు తగదు. కానీ ఉన్నదాన్ని లేదనడం అంతకంటే తగదు. దక్షిణ వలసల్లో స్వేచ్ఛ అన్న మాటకు అర్థం, తన ఆస్తి జోలికి ఎవరూ రాకపోవడం. ఆ ఆస్తిలో మనుషులున్నారు.

ఎవరి స్వేచ్ఛ?

1776 మార్చి 31న ఎబిగైల్ ఆడమ్స్ తన భర్త జాన్ ఆడమ్స్‌కు ఒక ఉత్తరం రాసింది. కొత్త చట్టాలు చేసేటప్పుడు ఆడవాళ్లను మరిచిపోవద్దని, భర్తల చేతికి హద్దుల్లేని అధికారం ఇవ్వొద్దని అడిగింది. ఆయనకు నవ్వొచ్చింది. నిజానికి మగవాళ్లమే మీ పెత్తనం కింద ఉన్నామని సరసమాడి తప్పించుకున్నాడు. ఆయన తర్వాత ఆ దేశానికి రెండో అధ్యక్షుడయ్యాడు.

ఆమె అడిగినదేమిటో తెలియాలంటే అప్పటి చట్టం తెలియాలి. ఇంగ్లీషు చట్టం ప్రకారం పెళ్లయిన స్త్రీకి విడిగా చట్టపరమైన ఉనికి లేదు. ఆమె సంపాదన భర్తది. ఆమె ఒప్పందం చెల్లదు. పిల్లల మీద హక్కు తండ్రిది. రాజును తరిమేసినవాళ్లు రాజు చట్టాల్లో ఈ ఒక్కదాన్ని మాత్రం భద్రంగా దాచుకున్నారు. ఒక్క న్యూజెర్సీలో ఆస్తి ఉన్న ఒంటరి స్త్రీలు 1776 నుంచి ఓటు వేశారు. 1807లో ఆ హక్కునూ లాగేసుకున్నారు. అంటే హక్కులు ఎప్పుడూ ముందుకే విస్తరిస్తాయన్న మన చార్టు ఇక్కడే తప్పయింది. ఇచ్చినవి తిరిగి తీసుకోవడం కూడా ఆ చరిత్రలో భాగమే.

ఎబిగైల్ అడిగింది, ఆగింది. ఎలిజబెత్ ఫ్రీమన్ అడిగి ఆగలేదు. మసాచుసెట్స్‌లో ఒక ధనిక కుటుంబంలో బానిసగా ఉన్న ఆమెకు చదువు రాదు. 1780 నాటి ఆ రాష్ట్ర రాజ్యాంగం మనుషులంతా స్వేచ్ఛగా, సమానంగా పుట్టారంటోంది కదా, మరి నేనో అని 1781లో కోర్టుకెక్కింది. గెలిచింది. ఆ రాష్ట్రంలో బానిసత్వం అంతం కావడానికి దారితీసిన కేసుల్లో అది మొదటివరసలోది. 1796లో ఓనా జడ్జ్ అనే యువతి అధ్యక్షుడి ఇంట్లోంచే, వాషింగ్టన్ దంపతులు భోజనం చేస్తుండగా, నడిచి వెళ్లిపోయింది. ఆమెను పట్టి తేవడానికి వాషింగ్టన్ మనుషులను పంపాడు. దొరకలేదు. 1848లో చనిపోయేదాకా ఆమె చట్టం దృష్టిలో ‘పారిపోయిన ఆస్తి’గానే బతికింది. విప్లవం చెప్పిన మాటల్ని అక్షరాలా నమ్మినవాళ్లు ఎవరో ఈ ఇద్దరిని చూస్తే తెలుస్తుంది.

తల్లిని బట్టి బిడ్డ

ఇప్పుడు జాబితాలో లేని కారణం దగ్గరకు వద్దాం. దానికోసం నూరేళ్లు వెనక్కి వెళ్లాలి.

1650ల్లో వర్జీనియాలో ఎలిజబెత్ కీ అనే స్త్రీ తనకు స్వేచ్ఛ కావాలని దావా వేసింది. తల్లి ఆఫ్రికన్, తండ్రి ఇంగ్లీషువాడు. ఇంగ్లీషు చట్టంలో బిడ్డ స్థాయి తండ్రిని బట్టి వస్తుంది. తండ్రి స్వేచ్ఛాపరుడు కాబట్టి తానూ స్వేచ్ఛాపరురాలినే అని ఆమె వాదించింది. 1656లో గెలిచింది. కొన్నేళ్లకే, 1662లో, వర్జీనియా శాసనసభ చట్టం మార్చేసింది. ఇకనుంచి బిడ్డ స్థాయి తల్లిని బట్టి అంది. తల్లి బానిసైతే బిడ్డ బానిస.

పితృస్వామ్యం తన మూలసూత్రాన్నే తలకిందులు చేసుకున్న సందర్భం ఇది. వంశం, పేరు, ఆస్తి అన్నీ తండ్రి నుంచే అని గొంతు చించుకునే మగవాళ్లు బానిస స్త్రీ విషయంలో మాత్రం తల్లిని బట్టే అన్నారు. ఎందుకంటే దీనితో మూడు లాభాలు. యజమాని బానిస స్త్రీని చెరిస్తే పుట్టిన బిడ్డ మీద తండ్రిగా బాధ్యత లేదు. ఆ బిడ్డ అతనికి ఆస్తి. ఆ ఆస్తి పెరుగుదలకు హద్దు లేదు. అత్యాచారం నేరం కాకపోవడమే కాదు, లాభసాటి వ్యాపారం అయింది.

విప్లవం ఈ చట్టాన్ని దక్షిణాదిలో ముట్టుకోలేదు. పైగా 1787 రాజ్యాంగం దానికి మూడు కాపలాలు పెట్టింది. బానిస జనాభాలో అయిదింట మూడు వంతులను లెక్కలో కలిపి దక్షిణాదికి ప్రతినిధుల సభలో అదనపు సీట్లిచ్చింది. పారిపోయిన బానిసను తిరిగి అప్పగించాలంది. 1808 దాకా బానిసల దిగుమతిని ఆపకూడదంది. 1808లో దిగుమతి ఆగింది. దీన్ని మానవత్వపు విజయంగా పుస్తకాలు చెప్తాయి. కానీ 1790లో సుమారు 7 లక్షలున్న బానిసలు 1860 నాటికి దాదాపు 40 లక్షలయ్యారు. దిగుమతి లేకుండా ఈ సంఖ్య ఎక్కడి నుంచి వచ్చింది? స్త్రీల గర్భాల నుంచి వచ్చింది.

1793లో గింజ తీసే యంత్రం రావడంతో పత్తి సేద్యం లాభసాటి అయింది. దక్షిణాది లోతట్టు రాష్ట్రాలకు కూలి చేతులు కావాలి. వర్జీనియా, మేరీలాండ్ వంటి పాత రాష్ట్రాలు పొగాకు దెబ్బతిని మనుషులను అమ్ముకోవడానికి దిగాయి. అంతర్యుద్ధానికి ముందు డెబ్బై ఏళ్లలో దాదాపు 10 లక్షల మందిని ఇలా తూర్పు నుంచి లోతట్టు దక్షిణాదికి తరలించారు. తల్లుల నుంచి బిడ్డలను విడదీసి అమ్మారు. రెండేళ్లకో బిడ్డను కనే స్త్రీ, తోటలో పనిచేసే మేటి మగవాడికంటే లాభసాటి అని మనుషులంతా సమానమని రాసిన జెఫర్సనే 1820లో లెక్క కట్టాడు. ఆయన జీవితకాలంలో 600 మందికి పైగా బానిసలకు యజమాని. వాళ్లలో ఒకరైన సాలీ హెమింగ్స్ ఆయన భార్యకు సవతి చెల్లెలు. ఆమె కన్న ఆరుగురు పిల్లల తండ్రి జెఫర్సనేనని, 1998 డిఎన్‌ఏ పరీక్షల తర్వాత ఆయన ఎస్టేటును నిర్వహించే సంస్థే నిర్ధారణకు వచ్చింది.

1860 నాటికి ఈ మానవ ఆస్తి విలువ 300 కోట్ల డాలర్లకు పైమాటే. ఆ దేశపు రైలు మార్గాలు, ఫ్యాక్టరీలు కలిపినా అంత లేదు. యుద్ధానికి కారణం ఇక్కడ ఉంది.

మూడు తప్పు జవాబులు

మొదటి తప్పు జవాబు: రాష్ట్రాల హక్కుల కోసం దక్షిణాది విడిపోయింది. అలాగైతే 1850 పారిపోయిన బానిసల చట్టాన్ని దక్షిణాది ఎందుకు తెచ్చింది? ఆ చట్టం ప్రకారం ఉత్తరాది రాష్ట్రంలో పట్టుబడిన మనిషికి జ్యూరీ విచారణ లేదు, తన తరఫున సాక్ష్యం చెప్పుకునే హక్కు లేదు. విచారించే కమిషనరు ఆ మనిషిని విడిచిపెడితే 5 డాలర్లు, యజమానికి అప్పగిస్తే 10 డాలర్లు. దారిన పోయేవాళ్లు కూడా పట్టుకోవడంలో సాయపడాలి. ఉత్తరాది రాష్ట్రాలు మా గడ్డ మీద ఇది కుదరదని సొంత చట్టాలు చేసుకుంటే, వాటి మీద ఫెడరల్ ప్రభుత్వపు కర్ర ఝళిపించమన్నది దక్షిణాదే. 1860 డిసెంబరులో విడిపోతూ సౌత్ కరోలినా ప్రకటించిన కారణాల్లో పెద్ద ఫిర్యాదు, ఉత్తరాది రాష్ట్రాలు పారిపోయినవాళ్లను అప్పగించడం లేదని. అంటే ఆ రాష్ట్రాలు తమ హక్కును వాడుకుంటున్నాయని! మిసిసిపీ ప్రకటన అయితే తమ స్థితి బానిసత్వంతోనే ముడిపడి ఉందని మొదట్లోనే చెప్పేసింది. నల్లవాళ్లు తెల్లవాళ్లకు సమానం కాదన్నదే మా కొత్త ప్రభుత్వానికి పునాదిరాయి అని 1861 మార్చిలో ఆ ప్రభుత్వపు ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ సభలో నిలబడి చెప్పాడు. నేరస్థుడు తానే ఒప్పుకున్నాక వకీళ్లు కాదనడం ఏమిటి?

రెండో తప్పు జవాబు: సుంకాలు. 1857లో సుంకాలు కొన్ని దశాబ్దాల్లో ఎన్నడూ లేనంతగా తగ్గాయి. తిరిగి పెంచిన మారిల్ చట్టం 1861 మార్చిలో వచ్చింది. అప్పటికే ఏడు రాష్ట్రాలు విడిపోయి తమ ఓట్లను సెనేట్ నుంచి తీసుకుపోయాయి. ముందు జరిగినదానికి వెనక జరిగినది కారణం కాదు.

మూడో తప్పు జవాబు మన ప్రగతిశీల మిత్రులది. పారిశ్రామిక పెట్టుబడికీ తోటల వ్యవస్థకీ మధ్య వైరుధ్యం పక్వమై పేలింది, బానిసత్వం దాని పైపొర మాత్రమే అంటారు. ఇది వినడానికి శాస్త్రీయంగా ఉంటుంది. కానీ ఉత్తరాది మిల్లులు నడిచింది దక్షిణాది పత్తితో. న్యూయార్క్ బ్యాంకులు అప్పులిచ్చింది ఆ తోటలకే. ఉత్తరాది పెట్టుబడిదారుల్లో చాలామంది చివరి నిమిషం దాకా రాజీ కోసం కాళ్లావేళ్లా పడ్డారు. 1861లో మార్క్స్ స్వయంగా, ఇది సుంకాల యుద్ధమన్న లండన్ పత్రికల వాదాన్ని ఎగతాళి చేస్తూ, బానిసత్వమే అసలు విషయమని వియన్నా పత్రికలో రాశాడు. మార్క్స్‌ను మించిన మార్క్సిస్టులకు అది ఎందుకు కనిపించదు? బానిసత్వాన్ని ఉత్పత్తి సంబంధంగానే చూసి, అది పునరుత్పత్తి మీద యాజమాన్యం కూడా అని చూడలేకపోవడం వల్ల. పొలంలో చేసిన పని ఆర్థికశాస్త్రంలోకి వస్తుంది, కన్న బిడ్డను అమ్మితే వచ్చిన డబ్బు రాదా?

కోర్టుకెక్కినవాళ్లు, పారిపోయినవాళ్లు

రాజీలు ఎందుకు నిలబడలేదు? 1820లో మిసోరి రాజీ, 1850లో ఇంకో రాజీ, 1854లో కాన్సాస్-నెబ్రాస్కా చట్టం. పెద్దమనుషులు కూర్చుని గీత గీసిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఆ గీత దాటి పారిపోయారు. పారిపోయే మనిషే ప్రతి రాజీనీ బద్దలు కొట్టింది.

డ్రెడ్ స్కాట్ కేసు అందరికీ తెలుసు. 1846లో సెయింట్ లూయిస్‌లో ఆయనతో పాటు భార్య హారియెట్ స్కాట్ కూడా విడిగా దావా వేసిందని ఎంతమందికి తెలుసు? వాళ్లకు ఇద్దరు కూతుళ్లు. తల్లిని బట్టి బిడ్డ కాబట్టి, హారియెట్ గెలిస్తేనే పిల్లలకు స్వేచ్ఛ. ఆ దావా వెనక ఉన్న లెక్క తల్లి లెక్క. 1857లో సుప్రీంకోర్టు నల్లవాళ్లెవరూ పౌరులు కారని, కొత్త ప్రాంతాల్లో బానిసత్వాన్ని నిషేధించే అధికారం కాంగ్రెస్‌కు లేదని తీర్పు చెప్పింది. నాలుగేళ్లకు యుద్ధం వచ్చింది.

1855లో మిసోరిలోనే సీలియా అనే బానిస యువతి, కొని తెచ్చిన నాటి నుంచి అయిదేళ్లుగా తనను చెరుస్తున్న యజమానిని చంపింది. ‘ఏ స్త్రీనైనా’ బలవంతం చేయడం నేరమని ఆ రాష్ట్ర చట్టంలో ఉంది. ఆ ‘ఏ స్త్రీ’లో బానిస స్త్రీ రాదని కోర్టు తేల్చి ఉరితీసింది. 1856 జనవరిలో గడ్డకట్టిన ఒహాయో నది దాటి పారిపోయిన మార్గరెట్ గార్నర్, పట్టుకోవడానికి వచ్చినవాళ్లు చుట్టుముట్టగానే, రెండేళ్ల కూతురిని తన చేతులతో చంపింది. ఆమె మీద హత్యకేసు పెట్టాలని ఆమె పక్షంవాళ్లే కోరారు. హత్యకేసు పెడితే ఆమెనూ బిడ్డనూ మనుషులని ఒప్పుకున్నట్టు. కోర్టు ఆమెను ఆస్తిగానే చూసి యజమానికి అప్పగించింది. టోనీ మారిసన్ 1987 నవల ‘బిలవ్డ్’ పుట్టింది ఈ ఘటన నుంచే. ఇలాంటి కేసులు పత్రికల్లోకి, ఉత్తరాది ఇళ్లల్లోకి వచ్చాక, అది దూరపు రాష్ట్రంలోని వేరేవాళ్ల వ్యవహారం అని అనుకోవడం కష్టమైంది.

ఉత్తరాది మాత్రం బానిసల విముక్తి కోసం యుద్ధానికి దిగిందా అని అడుగుతారు. లేదు. లింకన్ మొదట యూనియన్‌ను నిలబెట్టడానికే యుద్ధం అన్నాడు. దక్షిణాది విడిపోవడానికి కారణం ఒకటి, ఉత్తరాది దాన్ని ఆపడానికి చెప్పిన కారణం మరొకటి. ఈ రెంటినీ కలగలిపి గందరగోళం చేయడం పాత ఎత్తుగడ. ఉత్తరాది యుద్ధాన్ని విముక్తి యుద్ధంగా మార్చింది బానిసలే. సైన్యం కనిపించినచోటల్లా తోటలు వదిలి, పిల్లల్ని చంకనేసుకుని వచ్చేశారు. పని ఆపేశారు. దీన్ని సార్వత్రిక సమ్మె అని డుబాయిస్ 1935లోనే గుర్తించాడు. 1863 జనవరి 1 విముక్తి ప్రకటన ఆ సమ్మెకు దొరికిన జవాబు. ఆ జూన్‌లో కంబాహీ నది మీద సైనిక దాడికి దారి చూపి 700 మందికి పైగా బానిసలను విడిపించింది హారియెట్ టబ్మన్. ఆ యుద్ధంలో ఆరు లక్షలకు పైగా సైనికులు చనిపోయారు. 1865లో 13వ సవరణతో బానిసత్వం రద్దయింది, నేరానికి శిక్షగా తప్ప అన్న మినహాయింపుతో. ఆ ‘తప్ప’ అన్న సందులోంచి దక్షిణాది రాష్ట్రాలు ఖైదీల అద్దె పద్ధతిని లోపలికి తెచ్చాయి. జార్జియాలో నల్ల స్త్రీలు కూడా సంకెళ్లతో పనిచేశారు.

అబద్ధాన్ని మోసిన ఆడవాళ్లు

ఇంత స్పష్టంగా ఉన్న కారణం జాబితాలో నాలుగో పాయింటుకు ఎలా దిగజారింది? ఇది మనకు ఇబ్బందికరమైన భాగం. కాబట్టి దాటేయకూడదు.

1894లో ‘యునైటెడ్ డాటర్స్ ఆఫ్ ది కాన్ఫెడరసీ’ అనే స్త్రీల సంఘం పుట్టింది. ఓడిపోయిన దక్షిణాది సైనికుల కూతుళ్ల, మనవరాళ్ల సంఘం. ఊరూరా విగ్రహాలు పెట్టించింది, వ్యాసరచన పోటీలు నడిపింది, పాఠ్యపుస్తకాల మీద నిఘా పెట్టింది. దాని చరిత్ర విభాగానికి నాయకురాలిగా ఉండిన మిల్డ్రెడ్ రూథర్‌ఫర్డ్ 1920 ప్రాంతంలో పుస్తకాలకు ఒక కొలబద్ద తయారుచేసింది. దక్షిణాది బానిసల కోసం పోరాడిందని రాసిన పుస్తకాన్ని, బానిస యజమానిని క్రూరుడన్న పుస్తకాన్ని తిరస్కరించమంది. ఆమె స్త్రీల ఓటుహక్కును కూడా వ్యతిరేకించింది. 1923లో ఈ సంఘం ‘నమ్మకస్తురాలైన’ నల్ల దాది విగ్రహాన్ని రాజధానిలో పెట్టాలని ఉద్యమించింది. సెనేట్ ఒప్పుకుంది. నల్ల స్త్రీల సంఘాలు ఎదురుతిరిగి ఆపించాయి. అయితే ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో 1914లో పెట్టించిన స్మారకం మీద అలాంటి దాది బొమ్మ ఉండనే ఉంది. దాన్ని 2023 డిసెంబరులో తొలగించారు. 2025లో మళ్లీ పెడతామని ప్రభుత్వం ప్రకటించింది. యుద్ధం ముగిసి నూట అరవై ఏళ్లు. కారణం మీద యుద్ధం ఇంకా నడుస్తోంది.

తెల్ల స్త్రీలు ఇలా ఎందుకు చేశారు? భర్తల మాట విని చేశారనడం వాళ్లను తక్కువ చేయడమే. వివాహిత స్త్రీకి విడిగా ఆస్తి ఉండవచ్చన్న తొలి చట్టాల్లో ఒకటి 1839లో మిసిసిపీలో వచ్చింది. స్త్రీల హక్కుల చరిత్రలో మైలురాయి. ఆ చట్టంలో ఎక్కువ భాగం దేని గురించి? భార్య పేరున ఉన్న బానిసల గురించి. ఒక స్త్రీ ఆస్తి హక్కు, ఇంకో స్త్రీని సొంతం చేసుకునే హక్కుగా మొదలైంది. ‘స్త్రీలకు ఆస్తి హక్కు’ అని నినదించే ముందు ఏ స్త్రీకి, ఏ ఆస్తి మీద అని అడగాలని ఈ చట్టం మనకు నేర్పుతుంది.

ఓటు హక్కు పోరాటంలోనూ ఇదే చీలిక. 1868లో వచ్చిన 14వ సవరణ ‘పురుష’ అన్న మాటను మొదటిసారిగా అమెరికా రాజ్యాంగంలోకి తెచ్చింది. నల్ల పురుషుడికి ఓటు ముందా, స్త్రీకి ముందా అన్న తగాదాతో 1869లో మహిళా ఉద్యమం రెండుగా చీలింది. ఎలిజబెత్ కేడీ స్టాంటన్ వంటి నాయకురాలు నల్లవాళ్లను, వలస కార్మికులను కించపరుస్తూ మాట్లాడింది. నేను నల్లదాన్నీ, స్త్రీనీ, నన్ను ఏ వైపు నిలబెడతారు అన్న ప్రశ్న ఫ్రాన్సిస్ హార్పర్ వంటి నల్ల రచయిత్రులది. దానికి ఇరుపక్షాల దగ్గరా సరైన జవాబు లేదు. 1920లో స్త్రీలకు ఓటు వచ్చినా దక్షిణాది నల్ల స్త్రీకి అది నిజంగా అందింది 1965 ఓటుహక్కుల చట్టంతో. ఆ చట్టపు కీలక భాగాన్ని 2013లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఈ ప్రశ్న మన ఉద్యమాలకూ కొత్తది కాదని పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు.

ఆ పత్తి, ఈ పత్తి

ఈ యుద్ధాల దుమ్ము మన మీదా పడింది. 1781లో యార్క్‌టౌన్‌లో అమెరికన్లకు లొంగిపోయిన కార్న్‌వాలిస్సే 1786లో గవర్నర్ జనరల్‌గా మనదేశం వచ్చాడు. 1793లో బెంగాల్‌లో ఆయన పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతిని 1802 నుంచి మన సర్కారు జిల్లాల్లోనూ అమలుచేసి జమీందార్లను నిలబెట్టారు. 1861లో అమెరికా పత్తి ఆగిపోగానే మాంచెస్టర్ మిల్లులు ఇటు తిరిగాయి. ధర ఆకాశానికంటింది, కాకినాడ రేవులో పత్తి ఎగుమతి పుంజుకుంది, దక్కన్‌లో రైతులకు షావుకార్లు అడిగినంత అప్పిచ్చారు. 1865లో యుద్ధం ఆగింది, ధర కూలింది, అప్పు మిగిలింది. 1875 దక్కన్ రైతుల తిరుగుబాటుకు ఉన్న మూలాల్లో అదొకటి. ఒక ఖండంలో తల్లి దగ్గర నుంచి బిడ్డను లాక్కుని పండించిన పంట ఆగిపోతే, ఇంకో ఖండంలో రైతు కుటుంబం తాకట్టులో పడింది. పత్తికి తెల్లరంగు తప్ప అమాయకత్వమేమీ లేదు.

కాబట్టి ఈసారి శిక్షణా తరగతిలో 1776 అని చార్టు మీద రాసినప్పుడు దాని పైన 1662 అని కూడా రాద్దాం. తల్లిని బట్టి బిడ్డ అన్న చట్టం, మనుషులంతా సమానమన్న ప్రకటన ఒకే ఇంట్లో ఒకే టేబులు మీద దాదాపు తొంభై ఏళ్ల పాటు ఎలా కలిసి ఉండగలిగాయని అడుగుదాం. జవాబు సులభంగా రాదు. రాకపోయినా ఫర్వాలేదు. హక్కులు ఎవరో రాసి మనకు పంపిన కాగితం కాదని, ఆ కాగితంలో తన పేరు లేదని తెలిసీ కోర్టుకెక్కిన ఎలిజబెత్ ఫ్రీమన్, గీత దాటి నడిచిన ఓనా జడ్జ్, కూతుళ్ల కోసం దావా వేసిన హారియెట్ స్కాట్ వాటికి అర్థమిచ్చారని అప్పుడు మనవాళ్లకు తెలుస్తుంది.

యుద్ధాలకు కారణాలు రాసేవాళ్లు ఇకముందు కూడా పన్నులు, సుంకాలు, రాష్ట్రాలు అనే రాస్తారు. రాయనివ్వండి. ఆ జాబితా మన చేతికి వచ్చినప్పుడు మనం అడగాల్సింది ఒక్కటే - ఇందులో ఎవరి శరీరం మీద ఎవరి యాజమాన్యం గురించి చెప్పకుండా దాటేశారు?